ముందు పచ్చిక మీద, తర్వాతే ఏట్లో

ఎడిసన్,
ఏప్రిల్ 6.

చిరంజీవి అమ్ములుకి నాన్న ఆశీస్సులు.

వేసవంతా పెన్ స్టేట్‌లోనే ఉంటాననీ, ఫ్లై ఫిషింగ్ మొదలుపెడతాననీ రాశావు. చాలా సంతోషమమ్మా. నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకడం కష్టం. 1947లో జార్జ్ హార్వీ అనే అధ్యాపకుడు దీన్ని క్రెడిట్ కోర్సుగా పెట్టింది మీ యూనివర్సిటీలోనే. ఊరి పక్కనే స్ప్రింగ్ క్రీక్ అనే ఏరు ఉంది. సున్నపురాయి ఊటల నీళ్లు కాబట్టి చలికాలం గడ్డకట్టదు, ఎండాకాలం మరీ వేడెక్కదు. ఏట్లోనే పుట్టి పెరిగిన బ్రౌన్ ట్రౌట్ చేపలు అందులో నిండుగా ఉంటాయి. పట్టిన చేపను తిరిగి వదిలెయ్యాల్సిందే, అది అక్కడి నియమం. నీకు 16 దాటాయి కనుక ఫిషింగ్ లైసెన్సు, దానిమీద ట్రౌట్ పర్మిట్ రెండూ తీసుకో.

మన గోదావరి గట్టున వేసే గాలానికీ దీనికీ తేడా ఒక్కచోటే ఉంది. అక్కడ సీసపు గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ ఈకలూ జుట్టూ చుట్టిన కొక్కేనికి, అంటే ఫ్లైకి, బరువంటూ ఉండదు. బరువంతా లావుపాటి లైనుదే. లైను వెళ్లి ఫ్లైని వెంట తీసుకుపోతుంది. మిగతా పద్ధతులన్నీ ఇందులోంచే పుట్టాయి.

కొనాల్సినవి తక్కువే. 9 అడుగుల 5 వెయిట్ రాడ్, నాలుగు ముక్కలుగా విడిపోయేది. రీల్ మీద ఎక్కువ ఖర్చు పెట్టకు, ఈ చేపలకు అది లైను చుట్టుకునే చక్రం మాత్రమే. డబ్బు లైను మీద పెట్టు. 'డబ్ల్యూఎఫ్5ఎఫ్' అని రాసి ఉన్నది అడుగు, అంటే ముందుభాగం బరువుగా ఉండి నీటిమీద తేలే 5 వెయిట్ లైను. 5 వెయిట్ లైను మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు తూగుతుంది. రాడ్‌ను వంచేది ఆ బరువే కనుక రాడ్, లైను అంకెలు కలవాలి. దాని చివర 9 అడుగుల 5ఎక్స్ లీడరు, అంటే లైనుకూ ఫ్లైకీ మధ్య ఉండే సన్నటి దారం. అది అరిగి పొట్టిదైతే కొసకు కలపడానికి విడిగా ఒక చుట్ట 5ఎక్స్ టిప్పెట్ దారం. 11లోంచి ఎక్స్ ముందున్న అంకె తీసేస్తే దారం మందం అంగుళంలో వెయ్యోవంతుల్లో వస్తుంది. 5ఎక్స్ అంటే 6 వెయ్యోవంతులు.

లైను రాడ్ రింగుల్లోంచి ఎక్కించేటప్పుడు లీడరు కొస పట్టుకుని దూర్చకు. లావు లైనునే మడతపెట్టి ఆ మడతను దూర్చు. మధ్యలో చెయ్యి జారినా మడత రింగు దగ్గర ఆగుతుంది, మొత్తం జారి కిందపడదు.

ఇక విసరడం. మొదటి నెల ఏటి దగ్గరికి వెళ్లొద్దని నా మాట. ఏట్లో నీ కళ్లు చేప మీద ఉంటాయి, చేతికి తప్పుడు అలవాట్లు పడతాయి. పచ్చిక మైదానంలో, ఫ్లై బదులు చిన్న ఎర్ర ఊలుముక్క కట్టి, 30 అడుగుల లైను బయటికి తీసి, రోజుకు 20 నిమిషాలు చాలు.

బొటనవేలు పిడి పైన ఉండాలి. రాడ్ కొస నేలకు దగ్గరగా పెట్టి, లైనులో వదులు లేకుండా చూసుకో. మెల్లగా ఎత్తడం మొదలుపెట్టి, వేగం పెంచుతూ పోయి, చెవి దాటగానే టక్కున ఆపు. గడియారంలో ముందు 10, వెనక 2 అనుకో. ఆపినప్పుడే వంగిన రాడ్ విప్పారి లైనును తోస్తుంది. ఆపకుండా ఊపుతూ పోతే ఆ బలం గాల్లో కలిసిపోతుంది.

ఆపాక ఆగాలి. లైను వెనకవైపు పూర్తిగా చాపుకునేదాకా చెయ్యి కదలకూడదు. కొత్తవాళ్లందరూ తప్పేది ఇక్కడే. కుడికాలు కాస్త వెనక్కి పెట్టి తలతిప్పి చూడు: లైను గాల్లో గుర్రపునాడాలా వంగి, విప్పుకుంటూ, చివరికి తిన్నగా సాగుతుంది. ముందుకు తేవాల్సింది ఆ క్షణంలోనే. తొందరపడితే కొరడా ఝళిపించినట్టు చప్పుడవుతుంది. ఏట్లో ఆ చప్పుడు వచ్చిందంటే ఫ్లై తెగిపోయిందనే అర్థం. ఆలస్యమైతే లైను వెనక గడ్డికి తగులుతుంది. ఆలస్యం కాకపోయినా తగులుతోందంటే మణికట్టు మరీ వెనక్కి వాలుతోందన్నమాట. లీడరులో వాటంతటవే ముడులు పడుతుంటే గాలిని తిట్టుకోకు, ముందుకు తెచ్చేటప్పుడు మొదట్లోనే జోరు చూపిస్తున్నావు. ఆ ముడి దగ్గర దారం బలం బాగా పడిపోతుంది, విప్పు లేదా కోసి మళ్లీ కట్టు.

ఫ్లై కట్టడానికి ఇంప్రూవ్డ్ క్లించ్ అనే ముడి ఒక్కటి వస్తే చాలు. కొక్కెం కన్నులోంచి దారం దూర్చి, దాని మీదే 5 చుట్లు చుట్టి, కన్ను పక్కన ఏర్పడిన చిన్న సందులోంచి కొస తీసి, మళ్లీ పెద్ద ఉచ్చులోంచి తియ్యి. బిగించే ముందు ఉమ్మితో తడుపు. పొడిగా లాగితే రాపిడి వేడికి దారం బలహీనమవుతుంది. చేప తప్పించుకుపోయినప్పుడల్లా దారం కొస చూడు. పందితోకలా మెలిక తిరిగి ఉంటే ముడి జారింది, తప్పు కట్టడంలో ఉంది.

మే సగానికొచ్చేసరికి ఆ ఏట్లో సల్ఫర్ అనే లేత పసుపు మేఫ్లై పురుగులు సాయంత్రాలు లేస్తాయి, జూన్‌లోనూ కనిపిస్తాయి. నీ నెల సాధన సరిగ్గా అప్పటికి పూర్తవుతుంది. వాటిని పోలిన సల్ఫర్ ఫ్లైలు 14, 16 సైజుల్లో ఉంచుకో. నీటిపైన ఏమీ లేవనప్పుడు అడుగున పోయే ఫెజంట్ టెయిల్ నింఫ్, అంటే రెక్కలు రాని నీటిపురుగు పిల్లను పోలిన ఫ్లై, 16 సైజుది వెయ్యి. పెట్టెలో ఇరవై రకాలు అక్కర్లేదు.

ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడుతుంది, అందుకే వెనకనుంచి, దిగువ నుంచి వెళ్లు. వడినీళ్లూ నెమ్మదినీళ్లూ కలిసే గీత వెంట దానికి తిండి కొట్టుకొస్తుంది. ఫ్లై పక్కనున్న బుడగ వేగంతోనే ఫ్లై కూడా పోవాలి. లైను దాన్ని ఈడ్చిందా, చేప ముట్టదు. పోలరైజ్డ్ కళ్లద్దాలుంటే నీళ్లలోపలికి కనిపిస్తుంది, కంటికి కొక్కెం నుంచి రక్షణ కూడా. చేప అందుకోగానే రాడ్‌ను మెత్తగా ఎత్తు, గుంజితే 5ఎక్స్ దారం తెగుతుంది.

కొక్కెం వెనకముల్లు ముందే పట్టకారుతో నొక్కేసెయ్యి. చెయ్యి తడిపి, చేపను నీళ్లలోనే ఉంచి కొక్కెం తియ్యి. పొడిచేతితో పట్టుకుంటే దాని ఒంటిమీది జిగురుపొర పోయి జబ్బు చేస్తుంది. థర్మామీటరు ఒకటి జేబులో ఉండాలి. నీరు 68 ఫారెన్‌హీట్ దాటితే చేపలు అలసిపోయి, వదిలినా బతకకపోవచ్చు, ఆ రోజుకు ఇంటికి వచ్చెయ్యి. ఆ ఏటి మీదే ఫిషర్మన్స్ పారడైజ్ అనే చోట నీళ్లలోకి దిగనివ్వరు, గట్టు మీంచే వెయ్యాలి. మిగతాచోట్ల దిగితే నడుం బెల్టు బిగించుకో, మోకాలు దాటి లోతుకు వద్దు. గట్టు గడ్డిలో పేలలాంటి టిక్ పురుగులుంటాయి, లైమ్ జబ్బు వాటివల్లే. గదికి వచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టులో చూసుకో.

పచ్చికలో 30 అడుగుల దూరాన ఒక తువాలు పరిచి, పదిసార్లలో ఏడుసార్లు ఊలుముక్క దానిమీద పడేదాకా విసురు. పడ్డరోజు ఫోన్ చెయ్యి, ఆ శని, ఆదివారాలకు ఫ్లైల పెట్టె తీసుకుని వస్తాను.

మీ నాన్న