అద్దాలతో ఓడలు తగలబడ్డాయా? పిల్లలనే పరీక్షించనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

అద్దాలతో ఎండను మళ్లించి రోమన్ యుద్ధనౌకలను కాల్చిన శాస్త్రవేత్త ఎవరన్న ప్రశ్న పాఠశాల క్విజ్‌లలో ఇప్పటికీ వినిపిస్తోంది. ఆర్కిమెడిస్ అన్నవారికి మార్కు పడుతోంది. కానీ దీన్ని చరిత్రగా చెప్పడానికి ఆధారాలు చాలవు. క్రీ.పూ. 213-212లో రోమన్ సేనాని మార్సెల్లస్ ఆర్కిమెడిస్ ఊరైన, సిసిలీ దీవిలోని సిరక్యూస్‌ను ముట్టడించిన తీరును ఆ తర్వాతి తరానికి చెందిన గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ వివరంగా రాశాడు. అందులో రాళ్లు రువ్వే యంత్రాలున్నాయి, ఓడ ముందు కొసను పట్టి పైకెత్తి వదిలేసే ఇనుప కొక్కెం ఉంది, అద్దాలు మాత్రం లేవు. ఓడలు తగలబడ్డాయన్న మాట మూడున్నర శతాబ్దాలు గడిచాక గానీ రచనల్లోకి రాలేదు.

పరీక్షించినవారు లేకపోలేదు. 1973లో గ్రీసు దేశస్థుడు ఇయోనిస్ సక్కాస్ నావికుల చేతికి అద్దాలిచ్చి ప్లైవుడ్ నమూనా నౌకను మండించాడు గానీ, దానికి తారు పూసి ఉంది. 2005లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యార్థులు 127 అద్దాలతో సుమారు 30 మీటర్ల దూరంలోని చెక్క నమూనాను అంటించారు. అందుకు ఓడ కదలకుండా ఉండాలి, ఆకాశం పది నిమిషాలు నిర్మలంగా ఉండాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో నీటిపై ఉన్న అసలు పడవ మీద అదే ప్రయత్నం చేస్తే చెక్క నల్లబడి, చిన్న మంట వచ్చి ఆగిపోయింది. పైగా సిరక్యూస్ సముద్రం తూర్పు వైపు ఉంది కాబట్టి రోమన్లు పొద్దున్నే దాడి చేస్తే తప్ప అద్దాలకు పెద్దగా పని ఉండదు. ఇంత అవస్థ పడేకంటే నిప్పంటించిన బాణం చాలదా?

పరీక్ష అంటే పాత మాటలను కొట్టిపారేయడమే కాదు. మూడు వరుసల తెడ్లతో ప్రాచీన ఏథెన్స్ యుద్ధనౌక నిజంగా నడిచేదా అని ఒకప్పుడు పండితులే సందేహించారు. 1987లో గ్రీసులో నీటిలోకి దించిన ఒలింపియాస్ అనే పునర్నిర్మిత నౌకను 170 మంది తెడ్డువేసి, కొద్దిసేపైనా 9 నాట్ల (గంటకు సుమారు 17 కిలోమీటర్ల) వేగానికి చేర్చి ఆ సందేహం తీర్చారు.

జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనల నిర్వాహకులకు నా విన్నపం ఒకటే: ఈ కథను పిల్లల చేతికే ఇవ్వండి. మసి పూసిన డబ్బాలో నీళ్లు పోసి, థర్మామీటరు పెట్టి, అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న అద్దాలను ఒక్కొక్కటే పెంచుతూ ఉష్ణోగ్రత రాసుకోమనండి. తర్వాత డబ్బాను తాడుతో మెల్లగా లాగుతూ మళ్లీ కొలవమనండి. అద్దాల వెలుగు ఎవరి కళ్లలోనూ పడకుండా ఉపాధ్యాయులు దగ్గరుండి చూసుకోవాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
కాకినాడ