జ్యూస్ సరే, ఆ ‘నాట్’ సంగతేమిటి?

సంపాదకుడు గారికి,

గ్లాసు ఆరెంజ్ జ్యూస్ బిల్లుకు కెనడాలో ఒక మంత్రి పదవి పోయిందన్న కథ వాట్సాప్‌లో మళ్లీ తిరుగుతోంది. ‘మనవాళ్లు చూసి నేర్చుకోవాలి’ అని కింద ఒక వాక్యం. కథలో నిజం లేకపోలేదు. కాకపోతే అసలు ముక్క వదిలేశారు. కలెక్టరేట్‌లో ముప్పై ఏళ్లు ఫైళ్ల మధ్య బతికినవాణ్ని, నాకు జ్యూస్ కన్నా ఆ ముక్కే ఎక్కువ గుచ్చుకుంది.

ఆవిడ పేరు బెవ్ ఓడా. టీచరుగా మొదలై టీవీ రంగానికి వెళ్లి, ప్రసారాల నియంత్రణ సంస్థలో కమిషనర్‌గా చేసి, 2004లో ఒంటారియో నుంచి కన్సర్వేటివ్ ఎంపీ అయ్యారు. జపాన్ మూలాలున్నవాళ్లలో అక్కడి పార్లమెంటుకు ఎన్నికైన మొదటి మనిషి, కేంద్ర మంత్రి అయిన మొదటి మనిషి కూడా ఆవిడే. 2007 నుంచి విదేశీ సాయం శాఖ చూశారు.

2011 జూన్‌లో పేద దేశాల పిల్లల టీకాల గురించి లండన్‌లో సదస్సు. సదస్సు జరిగే హోటల్లోనే గది తీసుకున్నారు. ఆ హోటల్ నచ్చక ఖరీదైన సవాయ్ హోటల్‌కు మారారు. అక్కడ జ్యూస్ 16 కెనడా డాలర్లు, అంటే అప్పట్లో మన డబ్బుల్లో 700 రూపాయలకు పైగా. తిరగడానికి డ్రైవరుతో ఖరీదైన కారు. 2012 ఏప్రిల్‌లో ఇది బయటికొచ్చాక హోటల్ తేడా, జ్యూస్ డబ్బు వెనక్కి కట్టి సభలో క్షమాపణ చెప్పారు. జూలైలో రాజీనామా ప్రకటించారు. జ్యూస్ వల్లే వెళ్తున్నానని మాత్రం ఆవిడ అనలేదు.

మా ఆఫీసు లెక్కలో ఇది టీఏ బిల్లు (ప్రయాణ ఖర్చుల బిల్లు) తగాదా. అర్హత లేని హోటల్ రాస్తే ఆడిట్ వాళ్లు అబ్జెక్షన్ పెడతారు, రికవరీ అవుతుంది, అయిపోతుంది.

ఛార్జ్ మెమో (తప్పు చేశావని రాతపూర్వకంగా సంజాయిషీ అడిగే కాగితం) ఇవ్వాల్సిన పని అంతకుముందే జరిగింది. చర్చిల సేవాసంస్థ కైరోస్‌కు నాలుగేళ్లలో 70 లక్షల డాలర్లకు పైగా ఇవ్వొచ్చని 2009లో ఆ శాఖ అధికారులు సిఫార్సు రాసి సంతకాలు పెట్టారు. ఆ తర్వాత కాగితం మీద ఎవరో చేత్తో ఇంగ్లిష్‌లో ‘నాట్’ (not, అంటే ‘వద్దు’) అని ఇరికించారు. ఒక్క మాటతో ‘ఇవ్వొచ్చు’ కాస్తా ‘ఇవ్వొద్దు’ అయిపోయింది, కింద అవే సంతకాలు! మంత్రి ఓడా సంతకం కూడా ఆవిడ ఊళ్లో లేనప్పుడు సంతకాలు పెట్టే యంత్రం పెట్టిందట. మా దగ్గర కొట్టివేత ఉంటే పక్కన ఇనిషియల్, తేదీ వేయందే ఫైలు కదిలేది కాదు.

మంత్రికి సాయం నిరాకరించే హక్కు లేదని కాదు. అధికారుల నోట్ కింద ‘నేను ఒప్పుకోను’ అని రాసి సంతకం పెడితే ఎవరూ తప్పు పట్టరు. కానీ 2010 డిసెంబరులో పార్లమెంటరీ కమిటీ అడిగితే ఆ మాట ఎవరు రాశారో తెలియదన్నారు ఓడా. రెండు నెలలకు, తాను చెబితేనే చేర్చారని సభలో ఒప్పుకున్నారు. సభాహక్కుల ఉల్లంఘన ప్రాథమికంగా కనబడుతోందని స్పీకర్ మిల్లికెన్ 2011 మార్చిలో తేల్చారు. ఏమైంది? ప్రధాని హార్పర్ ఆవిణ్ని వెనకేసుకొచ్చారు. ఆ నెలలోనే పార్లమెంటును ధిక్కరించారన్న ఇంకో వ్యవహారంలో ప్రభుత్వం పడిపోయింది, ‘నాట్’ మీద విచారణ అటకెక్కింది. మే ఎన్నికల్లో హార్పర్‌కు పూర్తి మెజారిటీ వచ్చింది. డర్హమ్ నియోజకవర్గం నుంచి ఓడా మళ్లీ గెలిచారు, అదే శాఖ ఉంచుకున్నారు.

జ్యూస్ ధర ఎవరికైనా ఒళ్లు మండిస్తుంది, ఎందుకంటే మనమూ జ్యూస్ కొంటాం. నోట్ ఫైల్లో ఒక మాట చేరితే మండేది మాలాంటి గుమాస్తాలకే కాబోలు. ఈ కథను మీ పత్రికలో ఎవరైనా మళ్లీ రాస్తే, జ్యూస్ ఒక వాక్యంలో సరిపెట్టి ఆ కాగితం గురించి రెండు పేరాలు ఇప్పించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సూపరింటెండెంట్, గుంటూరు