ముత్తులక్ష్మి రెడ్డి ముందు తేల్చింది మాన్యం సంగతి

సంపాదకులకు,

ఏటా జులై 30న డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి జయంతికి పత్రికల్లో వ్యాసాలు వస్తాయి. ఆడపిల్లలను గుడికి అంకితం చేసే దేవదాసీ వ్యవస్థను 1929లో ఆమె రద్దు చేయించారని వాటిలో తరచు రాస్తుంటారు. ఇది సరిదిద్దాల్సిన పొరపాటు. 1929 చట్టంలో అంకితం చేయడంపై నిషేధమే లేదు. అది భూమి గురించిన చట్టం. ఆమె చూపు ఎంత లోతుకు వెళ్లిందో తెలిసేది కూడా అక్కడే.

గుడిలో ఆటపాటల సేవకు దేవదాసీ కుటుంబాలకు మాన్యాలు ఉండేవి. సేవ సాగినన్నాళ్లే భూమి. ముసలితనం వచ్చి ఒకామె మానుకుంటే, ఆ ఇంటినుంచి ఇంకో ఆడపిల్లను దేవుడికి వదలాలి. లేకపోతే మాన్యం చేజారుతుంది. కన్నపిల్ల లేని ఇల్లు పిల్లను పెంపకానికి తెచ్చుకునేది. ఇలాంటప్పుడు అంకితం నేరమని ముందే చట్టం చేస్తే, మానేసిన కుటుంబమే భూమి పోగొట్టుకుని వీధిన పడేది.

ముత్తులక్ష్మి పుదుక్కోట సంస్థానంలో 1886లో పుట్టారు. తల్లి చంద్రమ్మాళ్‌ది దేవదాసీ సమాజమే. (పేరు చివర రెడ్డి చూసి ఆమెను తెలుగావిడ అనుకునేవారున్నారు, ఆ పేరు భర్త డాక్టర్ సుందర రెడ్డి వైపు నుంచి వచ్చింది.) 1912లో మద్రాసు వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకుని, ఎగ్మూరు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రిలో పనిచేశారు. మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టిన తొలి మహిళ ఆమే. 1927లో ఉపాధ్యక్షురాలయ్యారు.

అదే ఏడాది నవంబరులో, ఈ అంకితాలను ఆపేలా చట్టం తేవాలని ప్రభుత్వాన్ని కోరుతూ తీర్మానం పెట్టి నెగ్గించారు. తీర్మానంతో అధికారులు కదలరని తెలుసు కనుక, అప్పటికే అమల్లో ఉన్న హిందూ దేవాదాయ చట్టానికే సవరణ బిల్లు తెచ్చారు. గుడి మాన్యాల మీద అజమాయిషీకి ఆ చట్టంలో దారి ముందే ఉంది. 1929లో నెగ్గిన సవరణ మాన్యానికీ సేవకూ ఉన్న ముడిని విప్పింది. సేవ చేయకపోయినా భూమి ఆ కుటుంబం దగ్గరే ఉంటుంది. మన కోస్తా, రాయలసీమ గుళ్లూ అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోనివే కాబట్టి, వాటికీ ఇది వర్తించింది.

ఆ తర్వాతే ఆమె నిషేధం బిల్లు పట్టుకున్నారు. 1930లో గాంధీజీ అరెస్టుకు నిరసనగా సభ్యత్వం వదులుకోవడంతో సభలో దాన్ని నడిపించేవారు లేకపోయారు. అంకితాన్ని నిషేధించిన మద్రాసు చట్టం 1947లో గానీ రాలేదు. 1929 సవరణకూ దీనికీ మధ్యలో 18 ఏళ్లు. అంకితమైన స్త్రీ చేసుకునే పెళ్లి చెల్లుతుందని ఆ చట్టమే స్పష్టం చేసింది. దాని విలువ శిక్షల కన్నా తక్కువేమీ కాదు.

లోటుపాట్లూ చెప్పుకోవాలి. బిల్లులు చర్చలో ఉండగానే మద్రాసు దేవదాసీల సంఘం అభ్యంతరం తెలిపింది. తమ ఆటపాటల విద్య, బతుకుతెరువు ఏమవుతాయన్నది వారి ప్రశ్న. మాన్యం ఉన్నవారికి 1929 చట్టం కొంత ఆసరా ఇచ్చింది. గుడి భూమితో సంబంధం లేక మేజువాణీల (వేడుకల్లో ఆటపాటల) మీద బతికిన కళావంతుల కులంవారికి అది కూడా లేదు. నిజాం ఏలుబడిలోని తెలంగాణకు మద్రాసు చట్టాలు వర్తించలేదు. దేవుళ్లకు, ఊరి దేవతలకు వదిలిన ఆడవాళ్లైన జోగినులు, బసివినులు, మాతమ్మలను కాపాడేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటికీ వర్తించే నిషేధ చట్టం 1988లో వచ్చింది. వీరిలో ఎక్కువమంది సెంటు భూమి లేని దళిత స్త్రీలు. అంటే ముత్తులక్ష్మి 1929లో ముందుగా చూసుకున్న జీవనాధారం, ఇక్కడ నిషేధం తర్వాత అధికారుల చుట్టూ తిరిగి అడగాల్సిన విషయమైంది.

వచ్చే జయంతి వ్యాసంలో 1927 తీర్మానం, 1929 భూమి సవరణ, 1947 నిషేధం అని మూడింటినీ విడివిడిగా ఇవ్వండి. దానితోపాటే, 1988 చట్టం వచ్చాక ఎంతమంది జోగినులకు భూమి పట్టాలు అందాయో జిల్లాలవారీగా అధికారులనుంచి రాబట్టి ప్రచురించమని కోరుతున్నాం.

— కొందరు పాఠకులు, రాజమహేంద్రవరం