1962లో తప్పెవరిదో చెప్పే కాగితం ఇంకా బీరువాలోనే ఉంది

సంపాదక మహాశయులకు,

పదిహేను రోజుల కిందట మీ ఆదివారం పేజీలో 1962 చైనా యుద్ధం మీద వ్యాసం వచ్చింది, దాని మీద వరసగా ఉత్తరాలూ వేస్తున్నారు. రాయకూడదనే అనుకున్నాను గానీ నిన్నటి ఉత్తరం చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. ఒకాయన తప్పంతా నెహ్రూదే అన్నారు. ఇంకొకాయన, పాపం ఆయన చైనాను నమ్మి మోసపోయాడన్నారు. మూడో ఆయన మొత్తం అప్పటి రక్షణ మంత్రి కృష్ణ మీనన్ నెత్తిన రుద్ది చేతులు దులుపుకున్నారు. మధ్యలో ఒక విద్యార్థి, 1961 చివర్లో మనం మొదలుపెట్టిన ఫార్వర్డ్ పాలసీ, అంటే సరిహద్దులో పోస్టులు ముందుకు జరుపుకుంటూ పోవడం వల్ల గొడవ ముదిరిందని రాస్తే, నిన్న ఒక పెద్దమనిషి ఆ పిల్లవాణ్ణి ఏకంగా దేశద్రోహి అనేశారు.

ఆ పిల్లవాడు రాసినదాంట్లో అబద్ధం ఏముందండీ? వెనక నుంచి తిండీ బట్టా మందుగుండూ అందే దారి సరిగా లేకుండానే చిన్న చిన్న పోస్టులు ముందుకు పెట్టుకుంటూ పోయిన మాట నిజం. అంతకంటే ముందే చైనా మనకు చెప్పకుండా లద్దాఖ్ పక్కన అక్సాయ్‌చిన్‌లో రోడ్డు వేసుకున్నదీ నిజమే. 1957లో పూర్తయిన ఆ రోడ్డు సంగతి 1959 దాకా మన పార్లమెంటుకు చెప్పకపోవడమూ నిజమే. ఒకటి ఒప్పుకుంటే రెండోది అబద్ధమైపోతుందని ఎవరన్నారు?

ఇక యుద్ధం సంగతి. ఇప్పటి అరుణాచల్ సరిహద్దులో నామ్కా చూ వాగు పక్కన పల్లంలో మనవాళ్లు, పైన గట్టు మీద వాళ్లు. ఆ చలిలో చాలామందికి నూలు బట్టలే, చేతుల్లో పాత త్రీనాట్‌త్రీ రైఫిళ్లు. అక్టోబర్ 20 తెల్లవారుజామున మొదలైన దాడికి కొన్ని గంటల్లోనే 7వ బ్రిగేడ్ చెదిరిపోయింది, తర్వాత బ్రిగేడియర్ దాల్వీ కూడా బందీగా దొరికారు. అక్కడి సైన్యానికి అధిపతి జనరల్ కౌల్ అప్పుడు ఒంట్లో బాగాలేక ఢిల్లీలో మంచం మీదున్నారు, అక్కడి నుంచే ఉత్తర్వులు ఇస్తున్నారు. జబ్బు నిజమే కావచ్చు, ఎవరికైనా వస్తుంది. అలాంటప్పుడు వెంటనే ఇంకొకరిని వేయడానికి అడ్డేమిటి? యుద్ధ విమానాలను దాడికి దింపకుండా కూర్చోబెట్టింది ఎవరి సలహా మీద?

మీ వ్యాసకర్త లద్దాఖ్‌లోని రెజాంగ్ లా కనుమ పోరాటానికి అర లైను కేటాయించారు, ధన్యవాదాలు. నవంబర్ 18న మేజర్ షైతాన్ సింగ్‌తో కలిసి 13 కుమావూన్ బెటాలియన్‌లోని ఒక కంపెనీలో వందమందికి పైగా అక్కడే ప్రాణాలు వదిలారు. బతికొచ్చిన కొద్దిమంది చెబితే మొదట నమ్మలేదు కూడా. మంచు తగ్గాక వెళ్లి చూస్తే చేతిలో తుపాకీతోనే గడ్డకట్టిన శవాలు కనిపించాయి. అస్సాంకు పైనున్న బొమ్‌దిలా పడిపోయాక నెహ్రూ రేడియోలో అస్సాం ప్రజల కోసం నా హృదయం తపిస్తోందన్న అర్థంలో మాట్లాడితే, మమ్మల్ని వదిలేసుకున్నారని వాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. ఇక్కడే పుట్టి పెరిగిన చైనా సంతతి వాళ్లను తీసుకెళ్లి రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో పెట్టారు. వాళ్లనెవరైనా అడిగారా, ఈ యుద్ధం మీద మీ అభిప్రాయం ఏమిటని?

నా బాధ వేరే. ఇన్ని అభిప్రాయాలకు కారణం, అసలు కాగితం బయటికి రాకపోవడం. లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ కలిసి ఆ ఓటమి మీద విచారించి 1963లో నివేదిక ఇచ్చారు. 2010లో రక్షణ మంత్రి ఆంటోనీ అది ఇంకా సున్నితమేనని పార్లమెంటులో చెప్పారు. 2014లో నెవిల్ మాక్స్‌వెల్ అనే విదేశీ విలేకరి అందులో చాలా భాగం ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. ప్రపంచమంతా చదువుకుంది, మనకు మాత్రం అది పరమ రహస్యం! ప్రతిపక్షంలో ఉండగా బయటపెట్టండని గొంతు చించుకునేవాళ్లు, కుర్చీ ఎక్కగానే అదే బీరువాకు కాపలా కాస్తారు. కార్గిల్ మీద సుబ్రహ్మణ్యం కమిటీ నివేదికను, కొన్ని పేజీలు చెరిపేసి అయినా, 2000లో పార్లమెంటు ముందు పెట్టారుగా. అప్పుడేమైనా ఆకాశం విరిగి పడిందా?

ఆ రోజులే నయమనిపిస్తుంది. యుద్ధం నడుస్తుండగానే, వాజ్‌పేయి అడిగితే, నెహ్రూ నవంబర్ 8న సభను పిలిపించి తిట్లు తిన్నారు. రాష్ట్రపతి రాధాకృష్ణన్ మన అతి నమ్మకం, నిర్లక్ష్యమే కొంప ముంచాయని ప్రభుత్వాన్ని పైకే అన్నారు. ఇప్పుడు అలా అంటే టీవీలో ఎనిమిది మంది ఒకేసారి మీద పడతారు. కాగితం దాచడం పైనుంచి కిందిదాకా అలవాటైపోయింది లెండి. నా సొంత పొలం నకలు కోసం ఒక ఆఫీసు చుట్టూ ఆరు నెలలు తిరిగాను, అది ఏ చైనాకు పనికొస్తుందో మరి.

నాకప్పుడు ఏడేళ్లు. రక్షణ నిధికని మా అమ్మ చెవి కమ్మలు తీసి ఇచ్చింది. ఆవిడ పోయేదాకా ఎవరినీ లెక్క అడగలేదు. నేను అడుగుతున్నాను. కమ్మల లెక్క కాదు, ఆ నివేదిక. మీ పత్రిక ఆ మాట ఒక సంపాదకీయంలో రాస్తే, ఈ ఉత్తరాల పోట్లాట కన్నా ఎక్కువ ఉపయోగం.

అన్నట్టు, మీ వ్యాసంతో వేసిన మ్యాప్‌లో అరుణాచల్‌లో ఉండాల్సిన తవాంగ్ లద్దాఖ్‌లో ఉంది. పదిహేను రోజులైనా సవరణ వేయలేదు.

- మీ పాత చందాదారుడు, రిటైర్డ్ ఉపాధ్యాయుడు