మీ యాప్‌లో ముదరా (తగ్గింపు) లెక్క ఒకటి, మీ బిల్లులో ఇంకొకటి

వినియోగదారుల సేవా విభాగం వారికి,

విషయం: శాతాల పాఠంలో తప్పు జవాబులు, చందా రెన్యువల్‌లో తప్పుడు ప్రకటన గురించి.

అయ్యా,

మీ లెక్కల యాప్‌లో మా అమ్మాయి ఏడాదిగా పాఠాలు చేస్తోంది. మిగతా పాఠాలతో ఏ ఇబ్బందీ లేదు. పేచీ అంతా ముదరా లెక్కల దగ్గరే వచ్చింది.

లెక్క ఇదీ: ఒక వస్తువును 20 శాతం ముదరా ఇచ్చి 960కి అమ్మారు, ప్రకటన వెల (ముదరాకు ముందున్న ధర) ఎంత? మా అమ్మాయి ప్రకటన వెలను ఎక్స్ అనుకుంది. 20 శాతం పోతే మిగిలేది 80 శాతం కాబట్టి 0.8 × ఎక్స్ = 960 అని రాసి, 960ని 0.8తో భాగించి 1200 తెచ్చింది. మీ యాప్ దానికి ఎర్ర గుర్తు పెట్టి, సరైన జవాబు 1152 అంది. ‘వివరణ’ నొక్కితే 960లో 20 శాతం 192, దాన్ని 960కి కలపాలట.

ఆ 20 శాతం దేని మీద? ముదరా ఇచ్చింది ప్రకటన వెల మీద కదా, మీరు లెక్కగట్టిందేమో అమ్మిన వెల మీద. మీ 1152నే తీసుకుని 20 శాతం తగ్గించి చూడండి. 921.60 వస్తుంది, 960 రాదు. ఈపాటి సరిచూడటం కూడా ఎవరూ చేయలేదంటే నమ్మబుద్ధి కావడం లేదు. 20 శాతం తగ్గిన వెల మళ్లీ మొదటి చోటికి రావాలంటే 25 శాతం కలపాలి, ఎందుకంటే 0.8 × 1.25 = 1. సగం తగ్గిస్తే తిరిగి రెట్టింపు చేయాలి, అంటే 100 శాతం కలపాలి. ఈ ఒక్కటి చూపితే చాలు, మీ వివరణ ఎక్కడ తప్పిందో పిల్లలే చెప్పేస్తారు.

మర్నాడు రఫ్ నోట్సు తెరిస్తే 1200 కొట్టేసి ఉంది, పక్కన పెన్సిల్‌తో 1152. సమీకరణం మాత్రం చెరపలేదు. ‘‘ఇదే కరెక్టనిపిస్తోంది నాన్నా, కానీ యాప్ ఒప్పుకోవట్లేదు’’ అంది. రెండుసార్లు మీకు రాశాను. రెండుసార్లూ ‘మా నిపుణులు సరిచూసిన జవాబు’ అనే ఒకే వాక్యం వచ్చింది.

అదే పాఠంలో ఇంకో లెక్క: 20 శాతం ముదరా మీద మరో 10 శాతం ఇస్తే మొత్తం ఎంత? మీ జవాబు 30. రెండో ముదరా పడేది అప్పటికే తగ్గిన వెల మీద. ఎక్స్ × 0.8 × 0.9 అంటే 0.72 ఎక్స్, కాబట్టి మొత్తం ముదరా 28 శాతం. ముందు 10, తర్వాత 20 ఇచ్చినా అంతే.

పాఠాల సంగతితోనే ఆగిపోయేవాణ్ణి. కానీ పోయిన వారం చందా రెన్యువల్‌కి మీ ప్రకటన వచ్చింది: ‘40 శాతం తగ్గింపు, దాని మీద మరో 40 శాతం, మొత్తం 80 శాతం ఆదా!’ వందకు 20 కడితే సరిపోతుందనుకుని బటన్ నొక్కాను. కోసుకున్నది వందకు 36. అదేమిటా అని చూస్తే 0.6 × 0.6 = 0.36. అసలు తగ్గింపు 64 శాతమే. పాఠంలో కలిపారు, ప్రకటనలో కలిపారు, బిల్లు దగ్గరకొచ్చేసరికి చక్కగా గుణించారు. బీజగణితం మీ బిల్లింగ్ వాళ్లకు బాగానే వచ్చన్నమాట. పాఠాలు కూడా వాళ్లతోనే రాయించకపోయారా?

ఆ రెండు లెక్కలనూ వివరణలతో సహా సరిదిద్దండి, ఇప్పటికే చేసిన పిల్లలందరికీ యాప్‌లోనే ఆ సంగతి తెలియజేయండి. ప్రకటనలో చెప్పిన 80 శాతం ప్రకారం నా దగ్గర ఎక్కువ తీసుకున్న మొత్తం, అంటే వందకు 16 చొప్పున, వాపసు చేయండి. స్క్రీన్‌షాట్లు, బిల్లు, నోట్సు పేజీ ఫొటో జతచేస్తున్నాను. ఈసారి జవాబు రాసేవారు ముందు ఆ 1152 లోంచి 20 శాతం తీసి చూసి రాయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ చందాదారుడు