శనివారం కూర్చుందాం, కార్డులు నేను తెస్తా

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా మన బెంగళూరు మారతహళ్ళి గ్రూపులో డీలిమిటేషన్ మీద, అదే జనాభాను బట్టి లోక్‌సభ సీట్లు మళ్ళీ పంచడం మీద, గొడవే గొడవ. శనివారం సాయంత్రం 6కి మా మేడ మీద కలుద్దాం. జోస్యం చెప్పే బొమ్మల పేక, టారో కార్డులు తెస్తున్నా, నవ్వకండి. ఎవరు గెలుస్తారో చెప్పడానికి కాదు. అది చిలక జోస్యానికి వదిలేద్దాం, చిలక మనకన్నా నిష్పక్షపాతం కూడా.

ఈ 78 కార్డులు 15వ శతాబ్దంలో ఇటలీలో మొదలైంది పేకాటగానే, జోస్యం తర్వాత అంటుకుంది. నా దగ్గరున్నవి 1909లో పమేలా కోల్‌మన్ స్మిత్ గీసిన బొమ్మలు. 16వ కార్డు, పిడుగుపడి కూలే బురుజు, ఎవరికి వస్తే వాళ్ళు తమకు ఏది కూలుతుందని భయమో చెప్పాలి. పార్టీ పేరెత్తకుండా.

మొన్న ఇంట్లో తీస్తే నాకు 10వది, అదృష్ట చక్రం, వచ్చింది. రాష్ట్రాలకు లోక్‌సభ సీట్ల పంపకం 1971 జనాభా లెక్కల దగ్గరే ఆగింది కదా. 2026 తర్వాతి జనగణన దాకా దాన్ని పొడిగించింది రాజ్యాంగ 84వ సవరణ. కర్ణాటకకు 28, ఆంధ్రకు 25, తెలంగాణకు 17. చక్రం తిరిగితే ఎవరు పైకి, ఎవరు కిందికి అన్నది కాదు నాకు తట్టింది. జనాభా లెక్కల్లో నా తల ఇక్కడ, ఓటేమో ఊళ్ళో. మరి నేను ఎవరి బలం? అరగంట కూర్చున్నా తేలలేదు.

బాబాయిగారూ, మీరు పంచాంగం తెచ్చుకోండి, రాజపూజ్యం అవమానం కూడా చూద్దాం. మిరపకాయ బజ్జీలు వదినవి. ఫార్వర్డులు మాత్రం ఫోనులోనే ఉంచండి.