కాటి సీనులో రొమ్ము విరుపెందుకు?

సంపాదకులకు,

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల తిరునాళ్లలో హరిశ్చంద్ర నాటకానికి ఇప్పటికీ జనం కూర్చుంటారు. అదీ కాటి సీను కోసం. ఆ సీనులోనే హరిశ్చంద్రుడి మగతనాన్ని తప్పుగా చూపిస్తున్నారు.

ఒక్క రాత్రికి ఇద్దరో ముగ్గురో హరిశ్చంద్రులు. గొంతులు నిలవాలంటే ఈ పంపకం తప్పదనుకుందాం. కానీ కొలువులో కూర్చున్నవాడే భార్యను అమ్ముకుని, కాటి యజమాని వీరబాహుడికి దాసుడై ఇక్కడికి చేరాడన్న సంగతి కంటికి ఆనదు. వచ్చిన ప్రతి నటుడూ తన సత్తా చూపించుకోవాలి కనుక కాటికాపరి కూడా రాజులాగే రొమ్ము విరుచుకుని వస్తాడు. ఈ సీనులోకి తెచ్చుకున్న జాషువా పద్యం చెప్పేదేమిటి? రాజు అధికార ముద్రికలు ఈ చోటనే అంతరించాయని. దాన్నే పై షడ్జంలో, అంటే పై స్థాయి 'స'లో నిలబెట్టి, మీసం తడిమి, వన్స్ మోర్ కోసం ఆగుతారు!

మైకులు లేని రోజుల్లో చివరి వరసకు వినపడాలని పెంచిన శ్రుతి అది. ఇప్పుడు మైకుకు జానెడు దూరంలో అదే కేక వేస్తే స్పీకరు బరబరలాడుతుంది, ఒత్తులు పోతాయి, నాలుగో పాదం ఎవరికీ అందదు. శ్రుతి ఒక మెట్టు దించి, మైకుకు మూరెడు వెనక్కి జరిగితే మాట నిలుస్తుంది.

ఇక చంద్రమతి. కొడుకు శవంతో కాటికి వచ్చిన ఆమెను, తన భార్యేనని తెలియక, కాటి సుంకానికి మెడలో తాళి అమ్మమంటాడు హరిశ్చంద్రుడు. భర్తకు తప్ప కనపడని తాళి కనుకనే ఆమె అతన్ని గుర్తుపడుతుంది. ఇంతకంటే సిగ్గుపడాల్సిన మాట మగవాడి నోట ఇంకేముంటుంది? ఆ మాట పడగానే హార్మోనియం ఆగాలి. గుండె నాలుగుసార్లు కొట్టుకునేంత సేపు ఎవరూ కదలకూడదు. మన దగ్గర సరిగ్గా అప్పుడే రాగాలాపన మొదలవుతుంది, చంద్రమతి వేషం వెలుగులోంచి పక్కకు తప్పుకుంటుంది.

ఆడవేషాలకు పేరుపడ్డ బాపట్ల నటుడు స్థానం నరసింహారావు గారు సత్యభామగా, రోషనారగా ఆడతనాన్ని నడకలో, చూపులో కట్టి చూపించారు. మగతనమూ అలా కట్టుకోవాల్సిందే, మీసం అంటించే జిగురుతో అయ్యేది కాదు.

కాటి కర్రను గదలా భుజాన మోయకుండా నేలకు ఆన్చి, దాని మీద ఒరగనివ్వండి. ముగ్గురు నటులు తప్పకపోతే ముగ్గురికీ ఒక్క అలవాటు నేర్పండి. మొదటి ఆయన కొలువులో మాట ఇస్తూ ఉంగరం తిప్పుతాడు. కాటిలో మూడో ఆయన అదే వేలిని ఉత్తగా తడుముకుంటే చాలు.

- ఒక పద్యనాటక అభిమాని, గుంటూరు